తలుపుసందు పిన్ని చెవి వెనక మచ్చ

మా అమ్మమ్మ మొహం ఊరందరిదీ అయిపోయిందని ఆమెకు మొదట చెప్పినవాడు మందుల షాపు అతను. మోకాళ్ల నొప్పి మాత్రల కోసం వెళ్తే, చేతిలో పెట్టిన చీటీ వైపు చూడకుండా ఆమె వైపే గుడ్లప్పగించి చూశాడు.

"మీరు... తలుపుసందు పిన్ని కదూ?"

"నేనెవరి పిన్నినీ కాను. మాత్రలివ్వు నాయనా," అంది అమ్మమ్మ.

"గొంతు వేరు గానీ మొహం అదే!" అంటూ అతను లోపలున్న భార్యను కేకేశాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, అమ్మమ్మను పైనుంచి కిందికి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా ఇంట్లో రోజూ చూస్తామండీ మిమ్మల్ని. అబ్బ, ఎంత చాడీకోరో!" అంది. మెచ్చుకోలుగానే అంది పాపం.

అమ్మమ్మ తిరిగి వచ్చిన చిల్లర జాగ్రత్తగా లెక్కపెట్టుకుని, మాత్రలు మాత్రం అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చింది. అరవై ఎనిమిదేళ్లలో తననెవరూ చాడీకోరు అనలేదు. గయ్యాళి అన్నారు, మొండిఘటం అన్నారు, ఒకసారి ఇంటి ఓనరు రాక్షసి అని కూడా అన్నాడు. అవన్నీ ఆమె ఒప్పుకుంది. ఒకరి మాట ఇంకొకరికి మొయ్యడం మాత్రం ఆమె ఒంట్లో లేదు. నటీమణుల జుట్టు దువ్వుతూ ముప్పై ఆరేళ్లు సీరియళ్ల స్టూడియోలో పనిచేసిన మనిషి. జుట్టు దువ్వించుకునేటప్పుడు మనుషులు చెప్పుకునే మాటలన్నీ ఆమె కడుపులోనే ఉన్నాయి. వాటిలో ఒక్కటి బయటికొచ్చినా రెండు కాపురాలు కూలేవి.

మా అమ్మ ఫోన్లో వెతికితే క్షణంలో దొరికింది. ఒక్కో ఎపిసోడ్ రెండే నిమిషాలు. ఒక పాత మేడ, పొడుగాటి వసారా, వరసగా తలుపులు. తలుపుసందు పిన్ని బూడిదరంగు శాలువా కప్పుకుని పిల్లిలా నడుస్తూ వచ్చి, ఒక్కో తలుపుకి చెవి ఆనిస్తుంది. ఇక్కడ విన్నది అక్కడ చెప్పి తగువు పెడుతుంది. చివర్లో ఎవరో ఒకరు తలుపు చటుక్కున తెరిస్తే లోపలికి బోర్లాపడుతుంది. అందులో నటులెవరూ లేరు, కెమెరా లేదు. అన్నీ కంప్యూటరు చేసిన బొమ్మలే.

మొదటి ఎపిసోడ్ చూస్తూ అమ్మమ్మ పడీపడీ నవ్వింది. "ఆ కొప్పు చూడవే! ఒక్క పిన్ను లేకుండా గాల్లో నిలబడింది. దీనికి దువ్వెన పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు."

రెండో దాంట్లో పిన్ని మన వైపు తిరిగింది. ఎడమ కనుబొమ్మ తోక సగంలో తెగి ఉంది. అమ్మమ్మ నవ్వు కొంచెం తగ్గింది. పనిలో చేరిన కొత్తలో జుట్టు వంకీలు తిప్పే ఇనప కడ్డీ తగిలి కాలి, ఆమె ఎడమ కనుబొమ్మ తోక కూడా సరిగ్గా అక్కడే ఆగిపోయింది. మూడో దాంట్లో పిన్ని పళ్లికిలించింది. కింది వరసలో ఒక పన్ను పక్కదాని మీదికి ఒరిగి ఉంది, బస్సులో నిద్రపోయే ప్రయాణికుడిలా. అమ్మమ్మ నోరు మూసుకుంది. మూసుకోకపోతే అదే పన్ను మాకు కనిపించేది.

నాలుగో దాంట్లో పిన్ని ఎడమ చెవి తలుపుకి ఆనించింది. కుడి చెవి మన వైపుంది. కొప్పు నడినెత్తిన ఉంది కాబట్టి చెవి వెనకంతా బోసిగా కనిపిస్తోంది. అక్కడ టీ రంగులో చిక్కుడు గింజంత మచ్చ.

అమ్మమ్మ చెయ్యి దానంతటదే తన కుడి చెవి మీదికి వెళ్లింది.

"కట్టెయ్యి," అంది.

"మనిషిని పోలిన మనుషులుండరా అమ్మా? ఇవి బొమ్మలు కూడానూ," అంది మా అమ్మ సర్దిచెబుతూ.

"కనుబొమ్మ పోలిందంటే సరే. పన్ను కూడా పోలిందంటే పోనీ సరే. ఈ మచ్చ నాకుందని నా కడుపున పుట్టిన నీకే తెలీదు కదే!"

 నిజమే, మా అమ్మకూ తెలీదు. తాతయ్యకు తెలుసో లేదో అడుగుదామంటే ఆయన లేడు. ఉన్న రోజుల్లో కూడా కళ్లజోడు వెతుక్కోవడంలోనే ఆయనకు పొద్దుగూకేది.

చిన్నప్పుడు బళ్లో ఎవరో ఆ మచ్చ చూసి, "దీని మీద టీ ఒలికిందిరోయ్," అన్నారు. ఆ రోజు నుంచి అమ్మమ్మ పేరు టీమరక. అయిదో తరగతితో బడి మానేసింది అందుకే అంటుంది. లెక్కల్లో వచ్చిన సున్నాల సంగతి మాత్రం ఎత్తదు. ఏమైతేనేం, ఆ తర్వాత ఆమె కొప్పు మెడ మీది నుంచి పైకి లేవలేదు. రెండు చెవులూ సగం కప్పి, ముడి కిందికి దించి, ఆరు పిన్నులు. ఎండ మండిపోతున్నా అంతే, జ్వరమొచ్చినా అంతే. లోకంలో అందరి చెవులూ తెరిచి దువ్విన మనిషి, తన చెవులు మాత్రం ఎవరికీ చూపించలేదు.

చూసిన మనిషి ఒక్కతే ఉంది. గుర్తులమ్మ.

గుర్తులమ్మది అదే స్టూడియోలో వేరే పని. ఒక సీను మొదటి సగం ఇవాళ తీసి, రెండో సగం పది రోజుల తర్వాత తీస్తారు. తెర మీద మాత్రం రెండూ పక్కపక్కనే వస్తాయి. గ్లాసులో నీళ్లు ఎంత వరకున్నాయి, పాపిట ఎటు తీశారు, చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టారు, ఇవన్నీ రాసిపెట్టి, మళ్లీ అచ్చం అలాగే ఉండేట్టు చూడాలి. ఆమె చంకలో నల్ల అట్ట పుస్తకం ఎప్పుడూ ఉండేది. ప్రతి మనిషికీ అయిదు గుర్తులు రాసుకునేది. "అయిదు గుర్తులుంటే మనిషి తప్పిపోడు. ఆరోది రాశామంటే అది చాడీ," అనేది.

జుట్టు దువ్వే మనిషికీ గుర్తులు రాసే మనిషికీ రోజుకి నాలుగు తగువులు తప్పవు.

"ఏమే, ఈవిడ ఎడమ చెవి మీద మూడు వెంట్రుకలు తగ్గాయి."

"నీ నెత్తి మీంచి పీకి అతికించుకో."

అలా మొదలైన స్నేహానికి నలభై ఏళ్లు. ఇద్దరూ పని మానేశాక కూడా ప్రతి గురువారం సాయంత్రం గుర్తులమ్మ మా ఇంటికి టీకి వస్తుంది. ఆమె కోసం ఒక కప్పుంది. ఆకుపచ్చ రంగుది, పిడి సగం విరిగింది. ఇంకెవరన్నా పొరపాటున అందులో తాగితే అమ్మమ్మ ఒంటికాలి మీద లేస్తుంది.

ఇరవై ఏళ్ల కిందట అమ్మమ్మ స్టూడియో స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు గుర్తులమ్మే ఆదివారం ఆదివారం వచ్చి తలంటింది. మొదటి ఆదివారం, నురగలో తిరుగుతున్న ఆమె వేళ్లు కుడి చెవి వెనక ఒక్క క్షణం ఆగాయి.  "నీళ్లు మరీ వేడిగా ఉన్నాయా?" అంది అంతే.

"ఎవరికీ చెప్పకే," అంది అమ్మమ్మ కళ్లు మూసుకుని.

"పుస్తకంలో కూడా రాయను," అంది గుర్తులమ్మ.

పది నెలల కిందట గుర్తులమ్మకు మళ్లీ పని దొరికింది. కంప్యూటరుతో వీడియోలు తయారుచేసే ఆఫీసులో. ఆ వారం టీ తాగుతూ ఆమె చేతులు తిప్పుతూ చెప్పిన తీరు మా ఇంట్లో అందరికీ గుర్తే. "వీటికి జ్ఞాపకమే లేదే! ఒక్కో షాటు ఎనిమిది సెకన్లు. షాటు షాటుకీ మనిషిని కొత్తగా కంటాయి. మొదటి షాట్లో ఒక ముక్కు, రెండో షాట్లో దాని చెల్లెలి ముక్కు. తలుపు తీసేది ఒకావిడ, లోపలికొచ్చేది ఇంకొకావిడ. నేను చెప్పాను వాళ్లకి. ప్రతి మనిషికీ ఒక చీటీ ఉండాలి. ఎదురుగా, కుడి పక్క నుంచి, ఎడమ పక్క నుంచి, వెనక నుంచి, నాలుగు బొమ్మలుండాలి. కింద అయిదు గుర్తులు. షాటు అడిగిన ప్రతిసారీ అవే బొమ్మలు, అవే మాటలు ఇవ్వాలి. ఇవాళ 'బూడిదరంగు' అని రేపు 'మబ్బు రంగు' అన్నారో, శాలువా మారిపోతుంది, శాలువాతో పాటు మనిషీ మారిపోతుంది."

వాళ్లు చేస్తున్నది తలుపులకు చెవి పెట్టి వినే ఒకావిడ కథ అని కూడా చెప్పింది. అమ్మమ్మ ఆసక్తిగా విని ఒక సలహా కూడా ఇచ్చింది. అదే ఇప్పుడు ఆమెను కుమ్మరిపురుగులా తొలుస్తోంది. "తలుపులకు చెవి పెట్టే మనిషైతే కొప్పు నడినెత్తికి లాగెయ్యవే. చెవులకు అడ్డం రాకూడదు కదా," అంది నోరు ఊరుకోక. తన చెవి తెరవడానికి తనే దారి చూపించిందన్నమాట. "ఇంతకీ మనిషి ఎలా ఉంటుందే?" అని అడిగితే, గుర్తులమ్మ బిస్కెట్టు టీలో ముంచుతూ, "ఏదో ముసల్దిలే," అంది.

మర్నాడు పొద్దున్నే అమ్మమ్మ ఆ ఆఫీసుకి బయల్దేరింది. తోడుగా మా అమ్మ వెళ్లింది, తోడుకన్నా ఎక్కువగా గొడవ చూడ్డానికి. సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద ఇరుకు మెట్లు, పైన ఒకే గది. నాలుగు కంప్యూటర్లు, గోడ నిండా అతికించిన చీటీలు. మూల కుర్చీలో గుర్తులమ్మ, ఒక కళ్లజోడు ముక్కు మీద, ఇంకోటి నెత్తి మీద.

"ఏమే, ఇలా ఊడిపడ్డావు? ఇవాళ గురువారం కూడా కాదుగా!"

"మీతో చిన్న పనుండి వచ్చానండీ," అంది అమ్మమ్మ.

గుర్తులమ్మ రెండు కళ్లజోళ్లూ తీసేసింది. నలభై ఏళ్లలో అమ్మమ్మ నోటి నుంచి ఆమెకు 'అండీ' వినబడలేదు. మొహం పాలిపోయింది. "ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదు. మీ తలుపుసందు పిన్ని చీటీ ఒకసారి చదివి పెట్టండి."

గుర్తులమ్మ అయోమయంగా లేచి, గోడ మీది చీటీ ఊడదీసింది. ఈలోగా అమ్మమ్మ కంప్యూటరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీద పిన్ని పక్కకి తిరిగి నిలబడి ఉంది. అమ్మమ్మ కొప్పులోంచి ఒక్కో పిన్నూ తీసి, పని చేసే రోజుల్లో లాగే పెదాల మధ్య పెట్టుకుంది. ఆరు పిన్నులు. జుట్టంతా ఎడమ భుజం మీదికి లాగేసింది. మా అమ్మ అప్పుడు చూసింది ఆ మచ్చ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

గుర్తులమ్మ మళ్లీ కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ చేతిలోకి పెన్సిలు వచ్చేసింది.

"ఒకటి. ఎడమ కనుబొమ్మ తోక సగానికి తెగి ఉంటుంది." తలెత్తి చూసింది. టిక్కు పెట్టింది. "రెండు. కింది వరసలో ఒక పన్ను కుడి పక్కకి ఒరిగి ఉంటుంది." అమ్మమ్మ పిన్నులు చేతిలోకి తీసుకుని నోరు తెరిచింది. టిక్కు. "మూడు. కుడి భుజం ఒక వేలు కిందికి..." తలెత్తకుండానే టిక్కు పెట్టింది. "నాలుగు. అబద్ధం వింటున్నప్పుడు గడ్డం గీరుకుంటుంది."

అమ్మమ్మ గడ్డం గీరుకుంది. కావాలనే గీరుకుంది, ఆమె తక్కువ తిన్న మనిషి కాదు.

అయిదోది గుర్తులమ్మ చదవలేదు. పెన్సిలు కాయితం మీదే ఆగిపోయింది. చీటీ వైపు, తెర వైపు, అమ్మమ్మ చెవి వైపు, మళ్లీ చీటీ వైపు చూసింది.

ఆఫీసు నడిపే అమ్మాయి ఫోను పక్కన పెట్టి గబగబా వచ్చింది. "అమ్మో! అచ్చు గుద్దినట్టున్నారు! ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి ఒక చిన్న వీడియో చేస్తే..."

"నువ్వుండమ్మా మధ్యలో," అంది అమ్మమ్మ.

"ఒట్టే," అంది గుర్తులమ్మ. "నేను కల్పించాననుకున్నాను. మొదట చేసిన పిన్ని పదకొండు షాట్లకి పదకొండు మంది అయింది. కళ్లు మూసుకున్నా కనిపించే మొహం ఏదైనా ఉంటే రాయండి అంది ఈ అమ్మాయి. కూర్చున్నాను. పావుగంటలో రాసేశాను. ఎక్కడా ఆగలేదు. ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని నాకే ఆశ్చర్యమేసింది. ఆ రోజు నుంచి మిగతావాళ్లు మారారు గానీ పిన్ని మాత్రం గీటు కదల్లేదు. నా తెలివే అనుకున్నానే. గర్వపడ్డాను."

"పుస్తకంలో కూడా రాయనన్నారు."

"నిన్ను రాస్తున్నానని తెలిస్తే రాసేదాన్నా?"

"పది నెలలు పొద్దస్తమానం ఈ మొహాన్ని చూశారు."

"చూశాను."

"మధ్యలో ప్రతి గురువారం వచ్చి నా మొహమూ చూశారు."

 కింద కొట్టులో ఎవరో సైకిలు గంట అదేపనిగా మోగించి చూస్తున్నారు.

"కావాలని చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్నండీ," అంది అమ్మమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. ఆమె గొంతు పెద్దది చెయ్యలేదంటే విషయం ఎంత ముదిరిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. "ఎవరి చెవి తమ్మె ఎంతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారే మీరు! నన్ను ముక్కముక్కలుగా గుర్తుపెట్టుకున్నారు. అన్నీ కలిపితే అది నేనేనని ఒక్కరోజు కూడా తట్టలేదా? నలభై ఏళ్లు ఎవరి పక్కన కూర్చుని టీ తాగారు మరి?"

గుర్తులమ్మ ఆ కుర్చీలోనే ఇంకొంచెం చిన్నదైపోయింది.

"సరే. ఇప్పుడు ఏం చెయ్యమంటారు అమ్మమ్మగారూ?" అని ఆఫీసు అమ్మాయి అడిగింది. మంచిదే పాపం, కాకపోతే తొందర మనిషి.

"కొప్పు దించండి. చెవి వెనకది తీసెయ్యండి."

"నూట పన్నెండు ఎపిసోడ్లు అయిపోయాయండీ! చీటీలో ఒక్క మాట మారిస్తే మనిషే మారిపోతుంది. చూసేవాళ్లు పట్టేస్తారు. ఈ సంగతి మాకు నేర్పిందే మీ ఫ్రెండు."

అమ్మమ్మ పిన్నులు మళ్లీ పెదాల మధ్య పెట్టుకుని జుట్టు ముడేసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు గుర్తులమ్మ లేచింది. చీటీ బల్ల మీద పరిచి, అయిదో గుర్తు మీద అడ్డంగా గీత కొట్టింది. 'నడినెత్తిన కొప్పు' మీద ఇంకో గీత కొట్టింది.

"మేడమ్, అతుకు కనిపిస్తుంది," అంది ఆఫీసు అమ్మాయి.

"కనిపించనీ."

ఆ మాట గుర్తులమ్మ నోట వస్తుందని స్టూడియోలో ఎవరికన్నా చెబితే నమ్మరు. చొక్కా గుండీ ఒకటి తేడాగా ఉందని షూటింగ్ మొత్తం ఆపించిన మనిషి ఆమె.

కొత్త కొప్పు ఎలా ఉండాలో అమ్మమ్మే చెప్పింది, గుర్తులమ్మ మొహం వైపు చూడకుండా, గోడకి చెబుతున్నట్టు. "మెడ మీద ముడి. చెవులు రెండూ సగం కప్పాలి. కుడివైపు ఒక పాయ ఎక్కువ." గుర్తులమ్మ తలొంచుకుని ఒక్క అక్షరం మార్చకుండా రాసింది. కంప్యూటరు ఏడుసార్లు ఏడుగురు వేరే ఆడవాళ్లను చూపించింది. ఎనిమిదోసారి పిన్ని తిరిగొచ్చింది, చెవులు కప్పుకుని.

"పాతవో?" అని అడిగింది అమ్మమ్మ మెట్ల దగ్గర ఆగి.

"మా దగ్గరున్నవి తీసేస్తానండీ," అంది ఆఫీసు అమ్మాయి. "జనం ఫోన్లలోకి వెళ్లిపోయినవి మన చేతుల్లో లేవు."

ఇంటికొచ్చేటప్పుడు అమ్మమ్మ మందుల షాపు ముందు నుంచి రాకుండా రెండు వీధులు చుట్టు తిరిగి వచ్చింది, ఆ మోకాళ్లతో.

కొత్త ఎపిసోడ్ వచ్చిన రోజు మా అమ్మ ఫోన్లో జనం రాసినవి చదివింది. 'పిన్ని కొప్పు జారిందేంటి?' 'చెవి వెనక మచ్చ ఏమైంది? పిన్నిని మార్చేశారా?' 'ఇవన్నీ చూసుకోవాల్సిన మనిషి నిద్రపోతోందా?' ఆ ఆఖరిది అమ్మమ్మ మూడుసార్లు చదివించుకుంది. నవ్వుతుందేమోనని అందరం చూశాం. నవ్వలేదు. "పాపం, పనిలో మొదటి తప్పు," అంది. 'పాపం' అన్నది ఎవరి గురించో అడగడానికి మాకు ధైర్యం చాల్లేదు.

ఆ గురువారం గుర్తులమ్మ వస్తుందో రాదో అని మా అమ్మ మూడుసార్లు కిటికీలోంచి చూసింది. వచ్చింది. ఎప్పుడూ వచ్చే వేళకే వచ్చి, తలుపు కొట్టి, తెరిచేదాకా నాలుగడుగులు దూరంగా నిలబడింది.

"రండి," అంది అమ్మమ్మ. "కూర్చోండి."

గుర్తులమ్మ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. అమ్మమ్మ లోపలికెళ్లి టీ తెచ్చింది. ముందున్న బల్ల మీద పెట్టింది. ఎవరన్నా కొత్తవాళ్లు వస్తే తీసే తెల్ల కప్పు, కింద సాసరు కూడా ఉంది. పిడి విరిగిన ఆకుపచ్చ కప్పు వంటింట్లో గూట్లోనే, దాని చోట అది ఉంది. కూర్చున్న చోటి నుంచి కనిపిస్తోంది కూడా.

గుర్తులమ్మ కప్పు వైపు చూసింది. గూటి వైపు చూసింది. ఆమె చూడకుండా ఎలా ఉంటుంది, పుట్టుకే అలాంటిది. మెల్లిగా అంది.

"కప్పు మారింది."

"మారింది," అంది అమ్మమ్మ. "మీరు గమనిస్తారనే మార్చాను. చల్లారిపోతోంది, తాగండి."

గుర్తులమ్మ రెండు చేతులతో ఆ తెల్ల కప్పు అందుకుని తాగింది.